గ్లాసు రంగు మారిందని ఫిల్టర్ కొనకండి

సంపాదకులకు నమస్కారం,

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్‌కి ఫిల్టర్లు అమ్మే కుర్రాడు వచ్చాడు. ఒక గ్లాసులో మా నల్లా నీళ్లు, ఇంకో గ్లాసులో తను తెచ్చిన ఆర్వో నీళ్లు పోసి, రెండింట్లోనూ కరెంటు పుల్లలు ముంచాడు. కాసేపటికి మా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి పైన తెట్టు కట్టాయి, ఆర్వో నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. "చూడండి ఆంటీ, పిల్లలకు మీరు తాగిస్తున్నది ఇదే" అన్నాడు. పక్కింటావిడ భయపడిపోయి అడ్వాన్సు ఇవ్వబోయింది. నేను వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని ఆర్వో గ్లాసులో వేసి, మళ్లీ ముంచు బాబూ అన్నాను. ఈసారి అదీ అలాగే తయారైంది.

ఆ తుప్పు నీళ్లలోది కాదు, పుల్లది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుప పుల్ల కరుగుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి ఏమీ కాదు, అంతే.

తర్వాత నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటర్ తీశాడు. మా నీళ్లకు లీటరుకు 310 మిల్లీగ్రాములు చూపించింది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 దాకా ఏ ఇబ్బందీ లేదు. అసలు ఆ మీటర్‌కి సూక్ష్మజీవులు కనపడవు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో ప్రాణాలు తీసింది మంచినీళ్లలో కలిసిన మురుగు. సరఫరా ఆగాక పైపులో ప్రెషర్ ఉండదు, పగుళ్లుంటే పక్కనున్న డ్రైనేజీ నీళ్లు లోపలికి వచ్చేస్తాయి, పైగా మనం నల్లాలకే మోటార్లు బిగించి మరీ లాగుతున్నాం! ఇళ్లలో నల్లా, బోరు, ట్యాంకర్ నీళ్లన్నీ ఒకే సంపులో పోసి, ఆ సంపు కడిగి ఎన్నేళ్లయిందో కూడా మర్చిపోతాం.

తాగడానికి కృష్ణా, గోదావరి నీళ్లు విడిగా పట్టుకునే ఇంటికి మామూలుగా సన్నటి పొరతో వడకట్టే యూఎఫ్, అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే యూవీ ఉన్న ఫిల్టర్ చాలు, క్లోరిన్ వాసన పోవడానికి కార్బన్ ఉంటే మంచిది. నీళ్లు మడ్డిగా వచ్చిన రోజు యూవీని నమ్మకండి, వడకట్టి మరిగించండి. మురుగు వాసన వస్తే మాత్రం ఆ నీళ్లు అసలు వాడొద్దు. ఆర్వో పెడితే బిందెడు మంచినీళ్లకు రెండు మూడు బిందెలు మోరీలోకి పోతాయి. ఆర్వో వద్దేవద్దని నేను అనడం లేదు. మా పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయినవాళ్లను చిన్నప్పటి నుంచీ చూశాను. అలాంటి బోరు నీళ్లను ఎంత మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఆర్వో కావాలి.

ఏ ఫిల్టర్ కొనాలన్నా ముందు మన నీళ్లలో ఏముందో తెలియాలి కదా. నగరానికి నీళ్లిచ్చే జలమండలి నుంచి పరీక్షల వివరాలు తీసుకుని, వీధి చివరి నల్లాలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందా, మురుగు కలిసిందని చెప్పే ఈ-కోలి బ్యాక్టీరియా ఏమైనా కనపడిందా అన్నది కాలనీలవారీగా వారానికోసారి మీ సిటీ పేజీలో వేయండి.

– ఒక గృహిణి, సికింద్రాబాద్