కొలిమి పెట్టబోతున్న నీకు

ఒరేయ్,

కత్తులు చేయడానికి కొలిమి పెడతానంటూ రాసిన నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన సామాన్ల జాబితా చదివాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తిగా చెప్పనివ్వవు. ఉత్తరమైతే అడ్డు రాలేవు కదా. తీరిగ్గా కూర్చుని చదువు.

జాబితాలో మొట్టమొదటిది పవర్ హామర్, అదే యంత్రంతో నడిచే సుత్తి. ముందు దాన్ని జాబితాలోంచి తీసెయ్. దాని కింద నాలుగు రకాల సుత్తులు, కొమ్మున్న పెద్ద దాగలి (కాలిన ఇనుముని పెట్టి కొట్టే దిమ్మె). కత్తి చేయడమంటే దబదబా బాదడమని నీకు గట్టిగా నాటుకుపోయినట్టుంది. సుత్తి ఆకారం ఇస్తుంది, అంతవరకే. ఆ కత్తి కోస్తుందా, వంగిపోతుందా, పుటుక్కున విరుగుతుందా అన్నది తేలేది వేడి దగ్గర. నీ షెడ్డులో అన్నిటికన్నా ముఖ్యమైన పనిముట్టు నీ కళ్ళేరా. మిగతావన్నీ వాటికి అనువుగా అమర్చుకోవాలి.

షెడ్డు నిండా ట్యూబులైట్లు పెడతానన్నావు. సాన పట్టే మూలకి పెట్టుకో, అక్కడ ఎంత వెలుతురున్నా చాలదు. కొలిమి మూల మాత్రం మసకగా ఉండాలి. ఎండ పడే చోట ఎర్రగా కాలిన ఇనుము కూడా చల్లటి ఇనుములాగే కనబడుతుంది. ఇంకా కాలలేదనుకుని మళ్ళీ మంటలో పెడతావు, లేదా చేత్తో పట్టుకుంటావు. రెండూ నష్టమే. మసక అన్నానని తలుపులన్నీ బిగించేయకు. బొగ్గయినా గ్యాసయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. రెండు పక్కలా గాలి ఆడాల్సిందే. జింకు పూత ఉన్న పైపులు, రేకులు కొలిమి దగ్గరికే రానివ్వకు. 907 డిగ్రీల దగ్గర జింకు మరుగుతుంది, ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. ఒంటి మీద నూలు బట్టలే వేసుకో. నైలాన్ మీద నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

దాగలికి కొమ్ము లేకపోయినా ఏమీ కాదు. జపాన్ కమ్మరులు తరతరాలుగా వాడేది కొమ్ములేని ఉక్కు దిమ్మె. పాత రైలు పట్టా ముక్క దొరికితే పడుకోబెట్టకుండా నిలువుగా మొద్దులో దిగ్గొట్టు. అప్పుడు దాని బరువంతా సరిగ్గా దెబ్బ కింద ఉంటుంది. నువ్వు నిలబడి పిడికిలి బిగించి చెయ్యి కిందికి వేలాడేస్తే కణుపులు ఎక్కడికి వస్తాయో, దాగలి పైభాగం అక్కడుంటే నడుము బతుకుతుంది. సుత్తి కిలో బరువుది ఒక్కటి చాలు. పట్టకారు మాత్రం నీ పట్టీ మందానికి సరిగ్గా సరిపోయేది చూసుకో. వదులు పట్టకారులోంచి ఎర్రటి ముక్క జారి కాళ్ళ మీదికి రావడానికి ఎంతసేపు?

ఇక ఉక్కు. కమాను పట్టీ సంపాదించానని మురిసిపోతున్నావు. అది మంచి ఉక్కే, చాలావరకు 5160 రకమో దానికి దగ్గరిదో అయ్యుంటుంది. కానీ బండి కింద ఏళ్ళ తరబడి కుదుపులు తిన్నది. లోపల కంటికి కనబడని పగుళ్ళు ఉండొచ్చు. నువ్వు పడ్డ శ్రమంతా అయ్యాక, గట్టిపరచడానికి నూనెలో ముంచినప్పుడు అవి బయటపడితే ఏడుపొస్తుంది. మొదటి కత్తికి 1084 అని పేరు చెప్పి అమ్మే కొత్త పట్టీ కొను. అందులో కార్బన్ సుమారు 0.8 నుంచి 0.9 శాతం. ఇంట్లో కొలిమితో సరైన వేడి పట్టుకోవడానికి అంత సులువైన ఉక్కు ఇంకోటి లేదని నా అభిప్రాయం. మైల్డ్ స్టీల్లో ఉండేది ఆ 0.2 శాతమే, దాన్ని ఎంత కాల్చి ముంచినా పదును నిలవదు. మడతపెట్టి అతికే మడతల ఉక్కు మీద ఆశ ఇప్పుడే వద్దు. ఆ అతుకు కోసమే వాడే వెలిగారం కూడా జాబితాలోంచి తీసెయ్.

సుత్తి పని గురించి ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. అంచుని పలచగా కొట్టేకొద్దీ అది పొడవు సాగుతుంది, వీపు (అంచుకి ఎదురుగా ఉండే మందపాటి వైపు) సాగదు. దాంతో కత్తి మొన పైకి లేస్తుంది. అందుకని ముందే పట్టీని అంచు వైపుకి కాస్త వంచి మొదలుపెట్టు. కొడుతూ పోతే అదే తిన్నగా వస్తుంది. పసుపు ఛాయ తిరిగిన నారింజ రంగులో కొట్టు, మసక ఎరుపుకి దిగగానే ఆపి మళ్ళీ కొలిమిలో పెట్టు. పట్టీలోంచి చిటపటా నక్షత్రాల్లా రవ్వలొచ్చాయంటే ఉక్కే కాలిపోతోందన్నమాట. ఆ భాగం కోసి పారెయ్యడమే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కత్తికి రూపం వచ్చాక, అయస్కాంతానికి అంటుకోవడం మానేదాకా కాల్చి, ఇంకాస్త వేడెక్కనిచ్చి, గాలిలో చల్లారనివ్వు. ఇలా మూడుసార్లు. కొట్టేటప్పటి ఎక్కువ వేడికి లోపల పెరిగిన ముతక రేణువులు సన్నబడతాయి. తర్వాత ముంచడం. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. 1084కి నీకు కావాల్సింది అంతకన్నా కొంచెం పైన, 800 దాటి ఓ పదిహేను డిగ్రీలు. ఆ కొంచెం ఎంతో చెప్పే యంత్రం లేకపోయినా ఉక్కే చెబుతుంది. మసకలో చూస్తూ ఉండు. ఎర్రటి అలుగు (పిడి కాకుండా మిగిలిన కత్తి భాగం) మీద ఒక నీడ కదులుతుంది. లోపలి నిర్మాణం మారడానికి వేడిని పీల్చుకుంటుంది కాబట్టి ఆ మేరకు రంగు తగ్గినట్టు కనబడుతుంది. ఆ నీడ వీపు వైపు జరిగి పూర్తిగా చెదిరిపోయాక, అలుగంతా ఒకే రంగులో నిలిచినప్పుడు తీసి ముంచు. ట్యూబులైట్ల కింద ఈ నీడ చచ్చినా కనబడదు. ఇప్పుడర్థమైందా నా గోల?

నూనె గోరువెచ్చన కన్నా కాస్త ఎక్కువ, 50 డిగ్రీల పైచిలుకు ఉండాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని సరిగ్గా లాగలేదు. మొన ముందుగా నిలువునా దించు, ముందుకీ వెనక్కీ కదుపు, పక్కలకి ఊపావా వంకర పోతుంది. అంచుని కూడా అప్పటికే పలచగా అరగదీయకు, మిల్లీమీటరున్నర దాకా మందం ఉంచు. బయటికి తీశాక ఆకురాయి ఆనించి చూడు. పట్టుకోకుండా గాజు మీద జారినట్టు జారితే గట్టిపడింది. అయితే ఈ దశలో అది పెళుసు. కింద పడితే రెండు ముక్కలవ్వచ్చు. అందుకే ఆలస్యం చెయ్యకుండా 200 డిగ్రీల ఓవెన్లో రెండేసి గంటలు రెండుసార్లు ఉంచు. ఓవెన్ బయట ముల్లు చెప్పే మాట నమ్మకు, లోపల వేరే థర్మామీటరు పెట్టు. శుభ్రం చేసిన ఉక్కు మీద లేత గడ్డి రంగు రావాలి.

సంప్రదాయ కత్తులు చేయాలని ఉందన్నావు కదా, వాటి ఆకారాలు గీసి పంపావు, బాగున్నాయి. కానీ వాటి వెనకున్న ఉపాయం చూడు. నేపాల్లో ఖుక్రీ అనే వంపు కత్తి చేసేవాళ్ళు కాల్చిన కత్తి అంచు మీద కెటిల్‌తో నీళ్ళు పోస్తారు, అంచు మాత్రమే గట్టిపడుతుంది. జపాన్‌లో వీపుకి మందంగా, అంచుకి పలచగా మట్టి పూసి ముంచుతారు. దారులు వేరు, కావాల్సింది మాత్రం ఒకటే: గట్టి అంచు, మెత్తటి వీపు. ఆకారం ఎవరైనా కాపీ కొట్టగలరు. అన్నట్టు, కరెంటు మోటారుకి దారి చూపించిన మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. ఆయన 1820 ప్రాంతాల్లో జేమ్స్ స్టోడర్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. నీ ఫిజిక్స్ పిచ్చికి ఇది పనికొస్తుందని రాశాను.

ఆ తర్వాత మిగిలేది అరగదీయడం, నునుపు చేయడం, పిడి బిగించడం. ఎక్కువ సమయం తినేది ఇదే, చెప్పడానికి మాత్రం ఏమీ లేదు. మాస్కు లేకుండా సాన ముందు కూర్చోకు. కొమ్ము పిడి ధూళి, కొయ్య ధూళి రెండూ ఊపిరితిత్తులకి చేటే.

జాబితా తిరగరాసి పంపు. నీ బొమ్మలో పిడి లోపలికి దూరే తోక మరీ సన్నగా ఉంది, అలుగుతో కలిసే చోట మూల పదునుగా ఉంది. అక్కడ గుండ్రంగా ఒంపు తిప్పు, లేకపోతే విరిగేది అక్కడే. కొత్త బొమ్మ నాకు చూపించాకే కొలిమి వెలిగించు.

నీ
వాడే