మా ఫైల్ జిరాక్స్ మాకు ఇప్పించండి: కేంద్ర కార్మిక మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర కార్మిక, ఉపాధి కల్పన శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఇరవై ఒక్క ఏళ్ళు పనిచేసి మానేసిన కంపెనీకి పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీ, పేరెందుకులెండి. గేటు దగ్గర విజిటర్ రిజిస్టర్‌లో సంతకం చేయించుకుని, మెడలో కార్డు వేసి లోపలికి పంపారు. హెచ్‌ఆర్‌లో కుర్రాడు మర్యాదస్తుడే. గోడౌన్ నుంచి నా ఫైల్ తెప్పించాడు. నీలం అట్ట, మూలలు చెదలు తినేశాయి. పైనే 1998లో నా చేత్తో రాసిన దరఖాస్తు, దానికి అంటించిన నా మీసాల ఫొటో. ఫైల్ అతని వైపు తిరిగి ఉండడంతో నేను తలకిందులుగానే చదువుకున్నాను. చేరిన తేదీ ఉన్న కాగితం ఒక్కటి జిరాక్స్ ఇవ్వమంటే, "పాలసీ ఒప్పుకోదు సార్, ఇది కంపెనీ ప్రాపర్టీ" అన్నాడు.

ఆ కాగితం కోసం సరదాగా వెళ్ళలేదండీ. పీఎఫ్ రికార్డులో నేను 2001లో చేరినట్టు పడింది. ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుకు ఇరవై ఏళ్ళ సర్వీసు నిండితే ఇంకో రెండేళ్ళు కలుపుతారు. నాకు పద్దెనిమిదే చూపిస్తోంది. ఆధారం తెమ్మని పీఎఫ్ ఆఫీసు అంటోంది, ఆధారం ఇవ్వనని కంపెనీ అంటోంది.

మా ఆవిడ ప్రాథమిక పాఠశాల టీచరుగా రిటైరైంది. ఆమె సర్వీస్ రిజిస్టర్ ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఉండేది. ఇంక్రిమెంటు ఎప్పుడు పడిందో, సెలవులెన్ని మిగిలాయో అందులో చూసుకుని సంతకం పెట్టేది. కాపీ కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. మండల స్థాయిలో దరఖాస్తుకు 5 రూపాయలు, పేజీకి 2 రూపాయలు, 30 రోజుల గడువు. ఒకే ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలు చేశాం. ఆమె కాగితాలు ఆమెవి, నా కాగితాలు కంపెనీవి! ప్రైవేటు కంపెనీకి 2005 నాటి ఆ చట్టం నేరుగా వర్తించదని తెలిసే మీకు రాస్తున్నాను.

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చినప్పుడు ఆశపడ్డాను. తీరా చదివితే, 11వ సెక్షన్ కింద మన డేటా గురించి అడిగే హక్కు మనం అంగీకారం ఇచ్చిన చోటే ఉంది. ఉద్యోగ అవసరాలకు వాడుకునే డేటాకు అసలు అంగీకారమే అక్కర్లేదని 7వ సెక్షన్ చెబుతోంది. అంటే యజమాని దగ్గరకొచ్చేసరికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. పైగా అడిగితే ఇచ్చేది సారాంశం. అదీ డిజిటల్ రూపంలో ఉన్నదానికే. చెదలు పట్టిన నా నీలం ఫైల్ దాని లెక్కలోకే రాదు.

2025 నవంబర్ 21 నుంచి మీ లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. చేరేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ తప్పనిసరి అన్నారు, మంచి పని. మానేసినవాళ్ళకు రెండు పనిదినాల్లో జీతం బకాయి తీర్చాలన్నారు, అదీ మంచిదే. ఆ పక్కనే ఇంకొక్క నిబంధన పెట్టించండి: మాజీ ఉద్యోగి అడిగిన 30 రోజుల్లో అతని సర్వీసు ఫైల్ కాపీ ఇవ్వాలి. నియామక పత్రం, జీతం మార్పులు, సెలవుల లెక్క, మెమోలు, వాటికి మేమిచ్చిన జవాబులు, రాజీనామా ఆమోదం, అన్నీ. ఇవ్వకపోతే జరిమానా వేయాలి. కాలిఫోర్నియాలో ఈ హక్కు చట్టంలోనే ఉంది. అక్కడా గడువు 30 రోజులే, మానేశాక కనీసం మూడేళ్ళు ఫైల్ దాచాలి. మనకు మూడేళ్ళు చాలవు. ఇక్కడ తేదీ తప్పు పడిందని తెలిసేదే పింఛను కాగితాలు పెట్టినప్పుడు కదా. పింఛను తేలేదాకా దాచమనండి.

ఫైల్‌లో వేరేవాళ్ళు ఇచ్చిన ఫిర్యాదులు, వాళ్ళ పేర్లు ఉంటాయని కంపెనీలు అంటాయి. నిజమే, ఉంటాయి. ఆ పేర్ల మీద నల్లగీత కొట్టి మిగతాది ఇవ్వమనండి. సమాచార హక్కు చట్టంలో 10వ సెక్షన్ చెప్పేది అదే పద్ధతి. నా మీద ఎవరు ఏం రాశారో నాకు అక్కర్లేదు, ఈ వయసులో ఆ టెన్షన్ ఎందుకు?

నా ఫైల్ మహా అయితే అరవై పేజీలుంటుంది. పేజీకి 2 రూపాయల చొప్పున 120 రూపాయలు. జిరాక్స్ ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక మాజీ ఉద్యోగి,
సంగారెడ్డి జిల్లా