అమ్మమ్మ పేజీలో ఎర్ర లింకులు

తెనాలి,
ఆదివారం సాయంత్రం

కన్నా,

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి పెట్టేశాను. రాత్రి పడుకున్నాక అది సరిపోదనిపించింది. ఒక చిన్న సర్వరు అద్దెకు తీసుకున్నావు, అందులో సొంతంగా ఒక వికీ, అంటే ఒకదానికొకటి లింకులతో ముడిపడి ఎప్పుడంటే అప్పుడు దిద్దుకోగలిగే పేజీలు, పెట్టుకోవాలనుకుంటున్నావు, ఏది పెట్టమంటావని అడిగావు. ఆరేళ్లుగా నా వికీని నేనే నడుపుకుంటున్నాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నీ మనసు మీడియావికీ మీద ఉన్నట్టుంది. వికీపీడియా నడిచేది దానిమీదే, 2003లో మొదలైన మన తెలుగు వికీపీడియా కూడా. మంచి సాఫ్ట్‌వేర్, కాదనను. కానీ అది వేలమంది వచ్చిపోయే సత్రం. దానికి డేటాబేసు కావాలి, ఆ డేటాబేసును కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. నీ ఒక్కడికి డోకువికీ చాలు. ఆండ్రియాస్ గోర్ అనే జర్మన్ ప్రోగ్రామరు 2004లో దాన్ని విడుదల చేశాడు. అందులో డేటాబేసు లేదు. నువ్వు రాసే ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా ఫోల్డరులో కూర్చుంటుంది. రేపు డోకువికీయే లేకుండా పోయినా ఆ ఫైలును ఏ కంప్యూటర్‌లో తెరిచినా చదువుకోవచ్చు.

ఇది నాకు ఎందుకింత ముఖ్యమో నీకు పూర్తిగా చెప్పలేదు. అమ్మమ్మ చెప్పిన సంగతులన్నీ మొదట ఒక ఉచిత సైటులో రాసుకునేదాన్ని. ఒకరోజు దాన్ని మూసేస్తున్నామని ఈమెయిలు వచ్చింది. మీ రాతలు దించుకోండని ఇచ్చిన ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోటల్లా ప్రశ్నార్థకాలే. అప్పటికే అమ్మమ్మకు పక్షవాతంతో మాట పడిపోయింది, మళ్లీ అడుగుదామంటే దారి లేదు. నా చేతిరాత కాగితాల్లో ఉన్నంతవరకు తిరిగి ఎక్కించాను, మిగిలింది పోయింది. ఆమె పుట్టింటివాళ్లు రేవు దాటి వలస వచ్చిన కథ అందులో ఒకటి. ఇప్పుడు నాకు దాని మొదలు, చివర మాత్రమే గుర్తున్నాయి.

వికీ అనగానే అదేదో కొత్త వింత అనుకోకు. నేను ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో చేసిన పని దానికి దగ్గరి చుట్టం. కేటలాగు కార్డు అడుగున 'ఇది కూడా చూడండి' అని ఇంకో కార్డు పేరు రాసేవాళ్లం. వికీ కనిపెట్టిన వార్డ్ కన్నింగ్‌హామ్ కూడా కార్డులతోనే మొదలుపెట్టాడు. ఆపిల్ వాళ్ల హైపర్‌కార్డ్ అనే ప్రోగ్రాములో ఒకదానికొకటి ముడిపడిన కార్డులు చేసుకున్నాడు. ఆ ఆలోచననే 1995 మార్చి 25న వెబ్ మీద పెట్టాడు. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే వికీ వికీ బస్సు పేరు గుర్తొచ్చి దీనికి పెట్టాడు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని.

మా లైబ్రరీకీ వికీకీ ఒక తేడా ఉంది, అక్కడే చాలామంది దారి తప్పుతారు. పుస్తకం ఒక్క అరలోనే ఉండగలదు. అందుకే ముందు వర్గం తేల్చి, వీపు మీద నంబరు వేసి, ఆ తర్వాతే లోపల పెట్టేవాళ్లం. పేజీకి ఆ ఇబ్బంది లేదు. అయినా మనుషులు వికీ పెట్టగానే వంట, ఆరోగ్యం, ఉద్యోగం అంటూ పది ఖాళీ అరలు కట్టి, వాటిలో ఏది ఎక్కడ పెట్టాలో తేలక నెలలోపే వదిలేస్తారు. నువ్వు అరలు కట్టకు. తెలిసిన ఒక సంగతి రాయి. అందులో ఇంకో పేజీ కాదగిన మాట తగిలితే దాన్ని జంట చదరపు బ్రాకెట్ల మధ్య పెట్టు. ఆ పేజీ ఉంటే లింకు ఆకుపచ్చగా కనిపిస్తుంది, లేకపోతే ఎర్రగా కనిపిస్తుంది. ఎర్రదాన్ని నొక్కితే రాసుకోమని ఖాళీ పేజీ తెరుచుకుంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. నా వికీలో 'సోల' అని చిన్న పేజీ ఉంది. అమ్మమ్మ ఇత్తడి సోల ఫోటో, దాని అంచుకు ఉన్న సొట్ట, అది ఆమెకు ఎవరిచ్చారో రెండు వాక్యాలు, అందులో ఉప్పు, కారం, ఆవపిండి నింపి నేను విడివిడిగా తూచిన బరువులు. అంతే. ఆవకాయ గురించి రాసినప్పుడు కారం ఎన్ని సోలలో రాసి ఆ మాటకు లింకు ఇచ్చాను. మాగాయలో ఇచ్చాను, సున్నిపిండిలో ఇచ్చాను, ఆమె వడ్లు అప్పిచ్చిన లెక్కల పుస్తకం గురించి రాసినప్పుడూ ఇచ్చాను. ఇప్పుడు సోల పేజీ తెరిచి, దీనికి ఏయే పేజీల నుంచి లింకులు ఉన్నాయని అడిగితే ఆ నాలుగూ వరసగా వస్తాయి. వంటింటి పేజీలు, అప్పుల పేజీ ఒక్కచోట చేరాయి. ఏ అరలోనూ అవి పక్కపక్కన ఉండేవి కావు.

ఇక పని. రిటైరయ్యే ముందు మా లైబ్రరీలో కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు డెబియన్ అనే లినక్స్, అపాచీ అనే వెబ్ సర్వరు ప్రోగ్రాము నా చేతికి అలవాటయ్యాయి, నీకు ఎటూ వచ్చు. అపాచీ, డోకువికీ నడవడానికి కావలసిన పీహెచ్‌పీ వేసి, డోకువికీ మూట దించి విప్పి, ఆ ఫోల్డరును వెబ్ సర్వరు నడిచే యూజరు పేరిట రాయి. ఇన్‌స్టాల్ పేజీ తెరిచి పేరు, పాస్‌వర్డు ఇవ్వు. వికీ ఎవరికి తెరిచి ఉండాలో అడిగినప్పుడు మూసి ఉంచమని చెప్పు. పని కాగానే ఆ ఇన్‌స్టాల్ ఫైలును తీసెయ్యి. బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య నడిచేది దారిలో ఎవరూ చదవకుండా ఉండటానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది. దాని గడువు 90 రోజులకు మించదు, కాబట్టి సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాము దానంతటదే పొడిగించేలా పెట్టు.

రెండు చోట్ల మాత్రం ఆగి చూసుకో. నీ పేజీలుండే డేటా ఫోల్డరుకు డోకువికీ కాపలా పెడుతుంది, కానీ ఆ కాపలా హెచ్‌టీయాక్సెస్ (.htaccess) అనే చిన్న ఆదేశాల ఫైలులో ఉంటుంది. డెబియన్‌లో అపాచీ మామూలుగా ఆ ఫైలును పట్టించుకోదు. వికీ పాస్‌వర్డు అడుగుతూనే ఉంటుంది, వెనక తలుపు తీసే ఉంటుంది. నాన్నగారి మందుల వివరాలు నా వికీలో మూడు వారాలు అలా బయట పడి ఉన్నాయి. నీది పెట్టగానే లాగిన్ కాకుండా, ఏదైనా ఒక పేజీ తాలూకు టెక్స్ట్ ఫైలు చిరునామాను నేరుగా బ్రౌజరులో కొట్టి చూడు. అనుమతి లేదని రావాలి. ఫైలు తెరుచుకుంటే అపాచీ అమరికల్లోనే ఆ ఫోల్డరును మూసెయ్యి.

రెండోది తెలుగులాంటి లిపుల్లో రాసేవాళ్లకే ఎదురవుతుంది. 'అమ్మమ్మ పెట్టే కొత్తావకాయ కొలతలు' అని పేజీ తెరిచి రాస్తే, ఎంత నొక్కినా సేవ్ కాలేదు. ఒక సాయంత్రమంతా పోయింది. పేజీ పేరే ఫైలు పేరు అవుతుంది కదా. డోకువికీ మొదటి అమరికలో తెలుగు అక్షరం ప్రతిదాన్నీ శాతం గుర్తులతో తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా మార్చి రాస్తుంది. అక్షరమే కాదు, గుణింతం, పొల్లు కూడా అలాగే. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు, అంటే 255 ఇంగ్లీషు గుర్తులు, దాటకూడదు. ఆ నాలుగు మాటలు 268 అయ్యాయి. అమరికల్లో ఫైలు పేర్ల సంకేతం అనే చోట యూటీఎఫ్-8 ఎంచుకుంటే అదే పేరు 94 బైట్లలో సరిపోతుంది. ఈ మార్పు మొదటి పేజీ రాయకముందే చెయ్యి. తర్వాత మారిస్తే పాత తెలుగు పేజీలు పాత పేర్లతోనే ఉండిపోయి, వికీకి కనిపించకుండా పోతాయి.

బ్యాకప్ విషయంలో నా మాట విను. డేటాబేసు లేదు కాబట్టి డేటా, కాన్ఫ్ అనే రెండు ఫోల్డర్లు కాపీ చేస్తే చాలు. డేటాలో ఆటిక్ అని ఒకటుంటుంది, నువ్వు దిద్దిన ప్రతి పేజీ పాత రూపం అందులో ఉంటుంది. మన అటకే అనుకో, దాన్ని వదలకు. సర్వరు వచ్చి ఇంట్లో కంప్యూటర్‌కు ఇచ్చేలా పెట్టకు. ఇంట్లో కంప్యూటరే రాత్రిపూట వెళ్లి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాముతో తెచ్చుకోవాలి. సర్వరులో దొంగ పడినా అక్కడి నుంచి ఇంటి కాపీని ముట్టుకోలేడు. ఒక కాపీ మీదే మళ్లీ మళ్లీ రాయకుండా తేదీలవారీగా ఉంచు. నేను ఏటా ఉగాది మధ్యాహ్నం పాత లాప్‌టాప్‌లో ఒక కాపీ విప్పి, నాలుగు పేజీలు తెరిచి, తెలుగు తెలుగులాగే ఉందో లేదో చూసుకుంటాను.

సర్వరు సిద్ధమయ్యాక నాకు ఒక లాగిన్ ఇవ్వు. సోల పేజీ, అమ్మమ్మ పేజీ నీకు పంపుతున్నాను. ఫైళ్లే కదా, పేజీల ఫోల్డరులో వేస్తే వచ్చి కూర్చుంటాయి. అమ్మమ్మ పేజీలో ఎర్ర లింకులు ఇంకా పదకొండు ఉన్నాయి. 'పెరటి నూతి గట్టు' అనేదాన్ని నేను రాయలేకపోయాను. ఆ ఇల్లు అమ్మకముందు ఆఖరి వేసవి సెలవులు అక్కడ గడిపింది నువ్వే. సాయంత్రాలు ఆమె నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెప్పేదో నాకు తెలియదు.

ఆ పేజీ నువ్వు రాయి.

అమ్మ