చుట్టాలకేం, రెండు రోజులు ఉండి వెళతారు

సంపాదకులకు నమస్కారం.

సముద్రం పక్కన ఇల్లుంటే ఎంత హాయో అంటారు మా ఇంటికి వచ్చే చుట్టాలు. వాళ్లు శనివారం వచ్చి ఆదివారం వెళ్లిపోతారు. మాది అంతర్వేది, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. మిగిలిన ఐదు రోజుల సంగతి నేను చెబుతాను.

తెల్లవారకముందే బిందెలతో వీధి కుళాయి దగ్గర నిలబడతాను. ఇంట్లో బోరు ఉంది గాని ఆ ఉప్పునీళ్లతో పప్పు ఉడకదు. ఉప్పుగాలికి సైకిల్ గొలుసు, తలుపు గడియ, తాళం కప్ప ఏదీ ఆగదు. సంక్రాంతికి రంగు వేయించిన కిటికీ ఊచలు వానాకాలానికి మళ్లీ తుప్పు పడతాయి. తర్వాత సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురంలోని బట్టల కొట్టుకు పనికి వెళతాను. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో నాకు నచ్చేది గోదావరి మీద గడిచే ఆ కాసేపే.

సాయంత్రం చేపల కూర, అదీ దొరికితే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక ఆ 61 రోజులూ మామిడికాయ, ఎండురొయ్యలతో సరిపెట్టుకుంటాం. దానికి మాకు ఫిర్యాదు లేదు, చేపలు గుడ్లు పెట్టే కాలం అది.

ఫిర్యాదల్లా కుళాయి గురించే. ఒకనాడు నాలుగింటికి వస్తుంది, ఒకనాడు ఆరింటికి. నీళ్లు తక్కువైనా సర్దుకుంటాం. వదిలే వేళ ఇదీ అని కుళాయి పక్కన ఒక పలక మీద రాసి పెట్టించమని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, అంతర్వేది