గచ్చిబౌలి మైదానం ఇచ్చే ముందు గ్వాంగ్‌ఝౌ పద్దు చూడండి: క్రీడాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ క్రీడాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2021-22లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రేపు ఇంకో క్లబ్బు యజమాని గచ్చిబౌలి స్టేడియం అడుగుతూ రావచ్చు. ఆ ఫైలు మీద సంతకం పెట్టే ముందు చైనాలోని గ్వాంగ్‌ఝౌ క్లబ్బు సంగతి తెలుసుకోవాలని మా మనవి.

2010 ఫిబ్రవరిలో, మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో ఆ క్లబ్బును రెండో అంచె లీగుకు దించారు. మరుసటి నెలే ఎవర్‌గ్రాండ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ దాన్ని 10 కోట్ల యువాన్లకు కొనేసింది. 2011లో ఆటగాళ్లకు పెట్టిన బోనస్ లెక్క చూడండి: గెలిస్తే జట్టుకు 50 లక్షల యువాన్లు, డ్రా అయితే 10 లక్షలు, ఓడితే 30 లక్షల జరిమానా. అప్పటి నుంచి వరసగా ఏడేళ్లు, మళ్లీ 2019లో, లీగ్ టైటిల్ వాళ్లదే. 2013లో, 2015లో ఆసియా ఛాంపియన్స్ లీగ్ కూడా.

ఆ 2015లోనే క్లబ్బు నష్టం 95 కోట్ల యువాన్లు దాటింది. ఆసియా మొత్తాన్ని గెలిచినా ఖర్చులో సగం కూడా రాబట్టుకోలేని వ్యాపారమది. అయినా యజమాని దిగులు పడలేదు. ఫ్లాట్లు అమ్మేవాడికి అదంతా ప్రచార ఖర్చు కిందే లెక్క. ఆ ఏడాది ఆసియా ఫైనల్ రెండో మ్యాచ్‌లో జెర్సీ ఛాతీ మీద ఉండాల్సింది స్పాన్సర్ కార్ల కంపెనీ పేరు. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చేసరికి అక్కడ ఎవర్‌గ్రాండ్ బీమా సంస్థ పేరుంది! స్పాన్సర్ కోర్టుకెక్కి నష్టపరిహారం రాబట్టుకుంది. బయటి నుంచి డబ్బిచ్చే వాళ్లను ఇలా చూసుకుంటే ఇక మిగిలేది యజమాని జేబే. 2016లో ఆ జేబు నుంచే 4.2 కోట్ల యూరోలు పెట్టి కొలంబియా ఆటగాడు జాక్సన్ మార్టినెజ్‌ను తెచ్చారు. గాయాలతో ఎక్కువ ఆడలేదు, 2018లో వదిలేశారు.

చైనా ఫుట్‌బాల్ సంఘం మేలుకునేసరికి 2020 డిసెంబర్ అయింది. క్లబ్బు ఏటా 60 కోట్ల యువాన్లకు మించి ఖర్చు పెట్టకూడదంది, క్లబ్బు పేరులో కంపెనీ పేరు ఉండకూడదంది. రెండూ మంచివే. కానీ ఖర్చుకు కళ్లెం వేస్తే పాత బాకీ తీరదు. పేరు తీసేస్తే, పేరు కోసమే డబ్బు పెట్టినవాడికి ఆ పని మీద మోజూ పోతుంది. 2020 నవంబర్‌లో లీగ్ గెలిచిన జియాంగ్సు సునింగ్ క్లబ్బు (సునింగ్ దాని యజమాని కంపెనీ పేరు), 2021 ఫిబ్రవరి 28న దుకాణం కట్టేసింది.

2021లో ఎవర్‌గ్రాండ్ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. గ్వాంగ్‌ఝౌలో లక్ష సీట్లతో మొదలుపెట్టిన కమలం ఆకారపు స్టేడియం మధ్యలోనే ఆగింది. 2022లో జట్టు కింది లీగుకు జారింది. మిగిలిన కుర్రాళ్లు 2024లో అక్కడ మూడో స్థానం దాకా తెచ్చారు. ఆటలో ఓడలేదు, బాకీల దగ్గర ఓడారు. 2025 జనవరిలో లీగులో ఆడే లైసెన్సు రాలేదు, క్లబ్బు మూతపడింది.

మీ చేతిలో లీగ్ లేదు, మైదానం ఉంది. కాబట్టి షరతులన్నీ లీజులోనే రాయించండి. ఆరు నెలల జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ, క్లబ్బు మొదటి మ్యాచ్‌కు ముందే, ప్రభుత్వం పేరిట ఉండాలి. ఒక నెల జీతం 30 రోజులు ఆలస్యమైతే అందులోంచి నేరుగా ఆటగాడి ఖాతాకు వెళ్లాలి. జీతాలు అందాయని సంతకాలు తీసుకుంటే చాలదు: సంతకం పెట్టకపోతే క్లబ్బుకు లైసెన్సే పోతుందనే భయంతో ఆటగాడు దేనికైనా సంతకం పెడతాడు. బ్యాంకు స్టేట్‌మెంటే అడగండి. ఆదాయంలో యజమాని సొంత కంపెనీల నుంచి వచ్చే వాటా ఎంతో ఏటా బయటపెట్టించండి. అది సగం దాటితే గ్యారంటీ పన్నెండు నెలలకు పెంచండి. పిల్లల అకాడమీని విడిగా రిజిస్టర్ చేయించండి, క్లబ్బు మునిగినా వాళ్ల శిక్షణ ఆగకూడదు.

ఈ షరతులు చూసి వెనక్కి తగ్గే యజమాని వస్తే, వెళ్లనివ్వండి.

ఇట్లు,
హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానులు