మనిషి ఉన్నాడు, ఇంట్లో లేడు: కాగితాల పనికి తోడొచ్చిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

బడులు తెరిచే ముందు మా బస్తీ కమ్యూనిటీ హాల్లో కూర్చుని, ఒంటరిగా పిల్లల్ని సాకుతున్న తల్లుల దరఖాస్తులు నింపిపెట్టిన కాలేజీ పిల్లలకు, మీసేవ అన్నకు, అంగన్‌వాడీ టీచరమ్మకు, కోర్టు, చట్టం పనుల్లో జనానికి తోడుండే పారాలీగల్ వాలంటీర్ అక్కకు మహిళా సంఘం తరఫున నమస్కారం. పేర్లు వేయొద్దని గట్టిగా చెప్పారు. అందుకని మీరు చేసిన పనులే రాస్తున్నాం. పక్క బస్తీల వాళ్లకూ పనికొస్తుంది.

భర్త పోతే మరణ ధ్రువపత్రం ఉంటుంది. విడాకులైతే కోర్టు డిక్రీ ఉంటుంది. వదిలేసి పోయినవాడి విషయంలో ఏ కాగితమూ ఉండదు. పైగా రేషన్ కార్డులో ఉంటాడు, బడి ఇచ్చే పిల్లల బోనఫైడ్ పత్రంలో ఉంటాడు, ఆమె ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ నంబరూ ఆయనదే. కౌంటర్ దగ్గర 'ఆయన సంతకం తీసుకురామ్మా' అంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది?

కాలేజీ పిల్లలు ఫారాలు తర్వాత తీశారు. ముందు ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోతోందో చూశారు. ఈ తెలివికే సగం కృతజ్ఞతలు. ఆధార్ సెంటర్‌కి ఆమె స్వయంగా వెళ్తే చాలు, నంబరు మారుతుంది. పాత నంబరుకి ఓటీపీ అక్కర్లేదు. గిన్నెలు తోమీ, సర్ఫ్ నీళ్లలో నానీ వేలిముద్రలు అరిగిపోయిన వాళ్లకు మిషన్ పదే పదే ఎర్ర లైటు చూపిస్తుంది. అప్పుడు కనుపాప స్కాన్ అడగాలి. అడగకపోతే 'రేపు రా' అంటారు.

తర్వాత బ్యాంకు. ఆధార్ నంబరు మీద వచ్చే సర్కారు డబ్బు ఫారంలో రాసిన ఖాతాలో పడదు, ఆధార్‌ను చివరిగా లింక్ చేసిన ఖాతాలో పడుతుంది. అది ఇద్దరి పేరునా ఉన్న పాత జాయింట్ ఖాతా అయి, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటే ఇక చెప్పేదేముంది. ఆమె ఒక్కరి పేరున ఖాతా తెరిపించి, లింక్ దానికి మార్పించి, మారిందని చూసుకున్నాకే దరఖాస్తు పెట్టించారు.

మీసేవ అన్నకు ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం, అంటే స్పాన్సర్‌షిప్, ఉంది. పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు, అంటే నెలకు 8,000. ఆదాయ పత్రానికి రాసేటప్పుడు అలవాటు కొద్దీ 'లక్ష' అని కొట్టేస్తారు. లక్షకూ 96,000కీ ఉన్న తేడాకే ఫైలు వెనక్కి వస్తుంది. ఈయన ప్రతి తల్లినీ పనిచేసే ఏ ఇంట్లో ఎంతిస్తారో అడిగి, కూడి, ఉన్నదున్నట్టు రాశాడు. లేని భర్త సంపాదన కలపలేదు.

ఒంటరి మహిళ పింఛను తెలంగాణలో 2017లో మొదలైంది, 2019లో 2,016 రూపాయలైంది. భర్తకు దూరమై ఏడాది దాటాలి. దాటిందని ఏం చూపాలి? చాలామంది ఫిర్యాదే ఇవ్వరు, ఎప్పటికైనా వస్తాడేమోనని. పారాలీగల్ అక్క తేదీ ఉన్న ప్రతి ముక్కా ఏరింది: తల్లి సంతకంతో ఉన్న ఫీజు రసీదులు, ఆమె పేరునే ఉన్న అద్దె చీటీ, ఆస్పత్రి ఓపీ చీటీలు. వాటికి తోడు ఇరుగుపొరుగు ఇద్దరి వాంగ్మూలం, చిరునామా, ఫోన్ నంబరుతో సహా. విచారణకు వచ్చినవాళ్లు ఎవర్ని అడగాలో తెలియక తిరిగిపోకుండా.

భరణం సంగతీ ఆమే చూసింది. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే చాలు. భరణం అడిగే పాత సీఆర్‌పీసీ 125 సెక్షనే 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 144. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర భరణం తేల్చడానికి చూడాలని అందులోనే ఉంది. కానీ నోటీసు అందడమే గగనం. అత్తగారింటి అడ్రస్ ఇస్తే 'ఇక్కడ లేడు' అని తిరిగొస్తుంది. అందుకే ఆయన పనిచేసే లేత్ షాపు, ఆటో స్టాండు కూడా రాయించింది.

టీసీ లేదని బళ్లో చేర్చుకోనన్నచోట టీచరమ్మ విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ కాగితం ముందు పెట్టింది. టీసీ ఆలస్యమైందని సర్కారు బడి చేర్చుకోకుండా ఉండకూడదు. గొడవ పడలేదు, చదివి వినిపించిందంతే.

స్పాన్సర్‌షిప్ విచారణకు అధికారులు పొద్దున పదింటికి వస్తే ఇంటికి తాళమే కనిపిస్తుంది, తల్లులు అప్పుడు పనిచేసే ఇళ్లలో ఉంటారు. మధ్యాహ్నం మూడు తర్వాత రమ్మని అడిగి ఒప్పించింది కూడా మీరే. ఇంకా విచారణ కావాల్సిన ఇళ్లున్నాయి. ఆ తల్లులు బర్త్ సర్టిఫికెట్, ఆధార్, బోనఫైడ్‌లలో బిడ్డ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో లేదో ఈలోపు చూసుకోండి. తేడా ఉంటే అంగన్‌వాడీ టీచరమ్మకు చెప్పండి, దిద్దించడం ఎక్కడో ఆమెకు తెలుసు.