రీఫ్ ట్యాంక్ కోసం చేయించుకున్న కెనోపీపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

విషయం: ఒప్పుకున్న డ్రాయింగ్ ప్రకారం కాకుండా చేసి పంపిన అక్వేరియం కెనోపీని వెనక్కి తీసుకుని, సరైనది చేసి ఇవ్వడం గురించి.

నమస్కారం.

మా ఇంట్లో ఉప్పునీటిలో పగడాలు, చేపలు పెంచే రీఫ్ ట్యాంక్ ఉంది. దాని మీద మూతలా పెట్టడానికి, లోపల లైట్లు ఉండే చెక్క పెట్టెను, అంటే కెనోపీని, మీ సంస్థ దగ్గర చేయించుకున్నాను. బిగించిన కొద్ది వారాలకే కింది అంచు ఉబ్బిపోయింది. తలుపు బందుల నుంచి పచ్చటి చారలు దిగాయి. నీటి వేడి ఎప్పుడూ లేనంతగా పెరిగింది. ట్యాంక్‌లో కొన్ని ప్రాణాలు పోయాయి. ఫొటోలతో సహా మీ సపోర్ట్ వాళ్లకు రాస్తే, లోపలి భాగాన్ని రోజూ పొడిబట్టతో తుడుచుకోమని, తేమ వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదని జవాబు వచ్చింది. నీళ్ల మీద పెట్టడానికే చేసిన పెట్టెకు తేమ తగలకూడదంటే అది న్యాయం కాదు. అందుకే విషయం మొత్తం మీ ముందు పెడుతున్నాను.

ముందు మనం ఏమనుకున్నామో గుర్తు చేస్తాను. ట్యాంక్ 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. అంచు దాకా నింపితే 432 లీటర్లు పడుతుంది. పైన రెండు ఎల్ఈడీ లైట్లు, ఒక్కోటి 150 వాట్లు. మీ డిజైనర్ ఈ వివరాలన్నీ తీసుకుని డ్రాయింగ్ పంపారు. నేను చెప్పిన మార్పులు చేశారు. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆయన పనిని నేనేమీ తప్పు పట్టడం లేదు. లైట్లు నీటికి 25 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా, ముందు తలుపు పూర్తిగా పైకి లేచి చేయి వెనక అద్దం దాకా అందేలా, చేపలు బయటికి దూకకుండా ఖాళీల్లో 6 మిల్లీమీటర్ల కన్నులున్న వల వచ్చేలా ఎంతో ఆలోచించి గీశారు. చెక్క, తేమను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్. లోపల అన్ని వైపులా, కోసిన అంచులతో సహా, రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ పూత. బందులూ మరలూ 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్. వెనక పలకలో రెండు ఫ్యాన్లకు రంధ్రాలు. ఇదంతా ఆ కాగితం మీద ఉంది. మీ వర్క్‌షాప్ నుంచి వచ్చిన పెట్టెలో మాత్రం కొలతలు, తలుపు తెరుచుకునే తీరు తప్ప ఇంకేదీ ఆ కాగితానికి సరిపోలేదు.

పైకి తెల్లటి లామినేట్ అతికించి ఉండటంతో లోపల ఏ చెక్క వాడారో వచ్చిన రోజు తెలిసే వీలు లేదు. ట్యాంక్ అంచు మీద ఆనుకునే భాగం ముందుగా లావెక్కింది. అంచుకు అతికించిన పట్టీ (ఎడ్జ్ బ్యాండ్) ఊడి పక్కకు వచ్చింది. దాని వెనక గోరుతో నొక్కి చూస్తే తడిసిన అట్టలా పొరలు పొరలుగా విడిపోయింది. అది ప్లైవుడ్ కాదు, ఎండీఎఫ్. చెక్క పీచును జిగురుతో కలిపి ఒత్తి చేసే ఆ పలక పొడి గదిలో అల్మరాకు బాగానే పనికొస్తుంది. కానీ కోసిన అంచు నుంచో, మర దింపిన రంధ్రం నుంచో తేమ పీల్చి ఒకసారి ఉబ్బిందంటే ఎండబెట్టినా పాత మందానికి రాదు, మరల మీద పట్టు కూడా పోతుంది. పైన లామినేట్ ఉంది కదా, ఏమీ కాదని మీ సపోర్ట్ ఉద్యోగి రాశారు. లామినేట్‌లోంచి మీరే మరలు దింపారు. ఆ రంధ్రాలకు పూత లేదు. ఇప్పుడు తలుపు బరువు మోసే మరలు చేత్తో తిప్పితే బయటికి వచ్చేస్తున్నాయి.

పైగా ఈ ట్యాంక్‌లో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీరు ఆవిరైనప్పుడు ఉప్పు దాంతో పాటు పోదు. కానీ నీటి మీద బుడగలు పగిలినప్పుడల్లా సన్నటి తుంపరలు పైకి చిమ్ముతాయి, అవి ఆరిన చోటల్లా ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పు గాలిలో తేమను లాక్కుంటూ ఉంటుంది కాబట్టి ఆ చోటు పూర్తిగా ఆరదు. రీఫ్ ట్యాంక్ పెట్టిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సాల్ట్ క్రీప్ ఇదే. అక్వేరియం పెట్టెలు చేసి అమ్మే సంస్థకు ఇది ఇంకా బాగా తెలిసి ఉండాలి.

చెక్క ఉబ్బితే డబ్బు నష్టంతో పోతుంది. బందుల సంగతి అలా కాదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

316 స్టీల్ అని డ్రాయింగ్‌లో పట్టుబట్టి రాయించాను. ఆ గ్రేడ్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అందువల్లే ఉప్పునీటికి మామూలు 304 స్టీల్ కంటే ఎక్కువ కాలం తట్టుకుంటుంది. మీరు బిగించినవి తెల్లటి పూత పూసిన ఇత్తడి బందులు. తలుపు తీసి వేస్తుంటే కీలు దగ్గర పూత అరిగిపోయింది. కీలు సందులో ఉప్పు గట్టిగా పేరుకుంది, దాని చుట్టూ చిలుము పట్టింది. అక్కడి నుంచి తలుపు లోపలి వైపు తెల్లటి లామినేట్ మీద వేలెడు పొడవున పచ్చటి చార దిగింది. ఆ చార చివర చుక్క కూడుకుని, బరువెక్కగానే నేరుగా నీటిలో పడుతోంది. ఆ ఫొటో కూడా పంపాను. దాని గురించి మీ జవాబులో ఒక్క మాట లేదు.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. సముద్రపు చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే రాగి మందు వేస్తారు. అయితే చేపను వేరే ట్యాంక్‌కి మార్చి వేస్తారు గానీ పగడాలున్న నీటిలో వేయరు. చేపకు జబ్బు నయం చేసే మోతాదే రొయ్యలు, నత్తలు, పగడాల్లాంటి వెన్నెముక లేని జీవులకు విషం. ట్యాంక్‌లోని రాళ్లు కొంత రాగిని పట్టుకుని తర్వాత మెల్లగా వదులుతాయి కూడా. అంటే బందు తీసేసినంత మాత్రాన ఈ సమస్య ఆ రోజుతో తీరిపోదు.

మొదట నత్తలు అద్దం మీద పట్టు వదిలి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. తిప్పి పెట్టినా మళ్లీ పాకలేదు. తర్వాత క్లీనర్ రొయ్య పోయింది. ఉప్పు సాంద్రత, అమోనియా, నైట్రేట్ అన్నీ పరీక్షించాను, ఎక్కడా తేడా లేదు. నీటి నమూనా ల్యాబ్‌కి పంపితే రాగి, జింకు రెండూ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉన్నాయని రిపోర్ట్ వచ్చింది. మా పైపులన్నీ పీవీసీ. ట్యాంక్‌లో పోసే నీరు ఆర్వో డీఐ ఫిల్టర్‌లో శుద్ధి చేసింది. నీటి మీద గానీ నీటిలో గానీ మీ బందులు తప్ప ఇత్తడి వస్తువు మరొకటి లేదు. ఇప్పుడు యాక్టివేటెడ్ కార్బన్, రాగిని పీల్చే రెసిన్ పెట్టి, తరచూ కొంత నీరు మారుస్తూ నెట్టుకొస్తున్నాను. చిన్న ముక్కగా తెచ్చి పెంచిన టార్చ్ కోరల్ అనే పగడం పెద్ద గుత్తిగా అయింది. ఇంటికి వచ్చినవాళ్లు ముందుగా చూసేది దాన్నే. ఇవాళ దాని సగం తలలు ముడుచుకుపోయి కండ ఊడి కింద తెల్లటి అస్థిపంజరం బయటపడింది. ఇది బతుకుతుందో లేదో చెప్పలేను. మళ్లీ ఒక ముక్క నుంచి అంత గుత్తి కావాలంటే ఏళ్లు పడుతుంది.

ఇక వేడి. లైట్లు తీసుకునే 300 వాట్లలో దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఫ్యాన్ గాలి నీటి మీదుగా ఆడితే కొంత నీరు ఆవిరై వేడిని తనతో తీసుకుపోతుంది. ఒక్క లీటరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్లు, అంటే ఈ లైట్లు రెండు గంటలకు పైగా వెలిగితే పుట్టే వేడి పోయినట్టు. డ్రాయింగ్‌లో ఫ్యాన్ రంధ్రాలు అడిగింది ఇందుకే. మీరు పంపిన వెనక పలకలో వైర్లు దూరేంత కన్నం ఒక్కటే ఉంది. 25, 26 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే నీరు, లైట్లు పూర్తి వెలుగులో ఉన్న గంటల్లో 29 దాటింది. పగడాల ఒంట్లో ఉంటూ వాటికి ఆహారం తయారుచేసే సూక్ష్మ శైవలాలు అంత వేడిని భరించలేవు. సముద్రంలోనే మామూలు వేసవి వేడికి ఒక్క డిగ్రీ అదనంగా కొన్ని వారాలు నిలిస్తే పగడాలు ఆ శైవలాలను వదిలేసి తెల్లబడతాయి. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. చేసేది లేక తలుపు తెరిచి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి నడిపిస్తున్నాను. తెరిచి ఉంచితే చేపలు దూకుతాయని టెన్షన్. మీరు పెట్టని వల నేనే కట్టుకున్నాను.

డ్రాయింగ్‌లో లేని పని ఇంకొకటి చేశారు. ప్లగ్ స్ట్రిప్‌ను కెనోపీ లోపల, వెనక పలక కింది భాగంలో, నీటికి దగ్గరగా బిగించారు. వైరు ఒకసారి కిందికి వంగి మళ్లీ పైకి ఎక్కేలా డ్రిప్ లూప్ కూడా వదల్లేదు. వైరు వెంట జారిన ఉప్పునీరు సరాసరి ప్లగ్‌లోకే వెళ్తుంది. ఒక రాత్రి అదే జరిగింది. ఇంట్లో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండబట్టి అది ట్రిప్ అయి కరెంటు ఆగింది. అది లేని ఇంట్లో, మేత వేయడానికి నీటిలో చేయి పెట్టిన మనిషికి ఏమయ్యేది? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి స్ట్రిప్‌ను బయట గోడ మీదికి మార్పించాను.

వారంటీ గురించి నా అభ్యంతరం స్పష్టంగా చెబుతున్నాను. మీ ఇన్‌వాయిస్‌లో ఈ వస్తువు పేరు రీఫ్ అక్వేరియం కెనోపీ అని ఉంది. కాబట్టి కింద ఉప్పునీరు ఉంటుందని, రాత్రింబవళ్లు తేమ తగులుతుందని మీకు తెలిసే అమ్మారు. తేమ నిబంధన బల్లలకు, అల్మరాలకు వర్తిస్తే వర్తించవచ్చు. ఇక్కడ వర్తించదు. అదీగాక ఇది వాడకంలో వచ్చిన లోపం కాదు. సంతకం పెట్టిన డ్రాయింగ్‌లో ఒకటి ఉంటే మీరు వేరేది వాడారు. పొడిబట్టతో ఎంత తుడిచినా ఎండీఎఫ్ ప్లైవుడ్ కాదు, ఇత్తడి స్టీల్ కాదు.

నేను కోరేది ఇది. ఈ కెనోపీని మీ ఖర్చుతో విప్పించి తీసుకెళ్లండి. అదే డ్రాయింగ్ ప్రకారం కొత్తది చేయండి. ఎపాక్సీ వేయకముందు ప్లైవుడ్ కోసిన అంచుల ఫొటోలు, బందులూ మరలూ కొన్న బిల్లు గ్రేడ్ కనిపించేలా నాకు పంపండి. ఈసారి లోపల ఏముందో చూడకుండా ఒప్పుకోలేను. పూత పూర్తిగా గట్టిపడి వాసన పోయాకే డెలివరీ ఇవ్వండి. తొందరపడి పచ్చి పూతతో పంపితే అది మరో సమస్య అవుతుంది. మీ వర్క్‌షాప్‌లో ఈ పని కుదరదంటే ఆ మాట నేరుగా చెప్పి, కట్టిన డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి. ఏది చేసినా ల్యాబ్ పరీక్ష, రెసిన్, ఎలక్ట్రీషియన్ ఖర్చులతో పాటు చనిపోయిన జీవుల ఖరీదు కూడా మీరే భరించాలి. బిల్లులు, సంతకాలున్న డ్రాయింగ్, ల్యాబ్ రిపోర్ట్, ఫొటోలు ఈ లేఖతో జత చేశాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే వినియోగదారుడిగా నాకున్న హక్కు ప్రకారం చట్టపరంగా ముందుకు వెళ్తాను.

ఇంకొక మాట, ఇది మాత్రం 15 రోజులు ఆగేది కాదు. ఇవే ఇత్తడి బందులు, లోపల ఇలాగే బిగించిన ప్లగ్ స్ట్రిప్ ఉన్న కెనోపీలు మీరు ఇంకెవరికైనా అమ్మి ఉంటే, వాళ్లందరికీ ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ముందు కరెంటు ఆపి స్ట్రిప్ బయటికి తీయించమనండి, తర్వాత బందులు విప్పించి నీటిలో రాగి ఎంతుందో పరీక్ష చేయించుకోమనండి.

ఇట్లు,
ఆర్డర్ ఇచ్చిన కస్టమర్